మసక కన్ను, ఎర్ర కన్ను

పెంపుడు కుక్కకు చూపు పోయిన సంగతి చాలా కుటుంబాలకు ఇల్లు మారిన రోజే తెలుస్తుంది. విశాఖపట్నం గాజువాకలో తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో తిరిగిన లాబ్రడార్, మధురవాడ అపార్ట్‌మెంట్‌లోకి వచ్చిన సాయంత్రమే తలుపుకీ, ఫ్రిజ్‌కీ, ఇంకా విప్పని సామాన్ల పెట్టెలకీ వరసగా గుద్దుకుంటుంది. ఇల్లు మారకపోతే సంక్రాంతి ముందు దులుపుళ్ళలో సోఫా అటుది ఇటు జరిపినప్పుడైనా బయటపడుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉందండీ, రాత్రికి రాత్రే కళ్ళు పోయాయి" అని ఇంటివాళ్ళు డాక్టరుతో చెబుతారు. అలా రాత్రికి రాత్రి చూపు తీసేసే జబ్బులు లేకపోలేదు, వాటి సంగతి కింద వస్తుంది. కానీ ఎక్కువ కుక్కల్లో ఆ చూపు నెలల కిందటే తగ్గడం మొదలై ఉంటుంది. గడప ఎన్ని అడుగుల్లో వస్తుందో, నీళ్ళ గిన్నె ఏ మూల ఉందో, డైనింగ్ టేబుల్ కాళ్ళ మధ్య ఎంత సందు ఉందో దానికి కంఠతా వచ్చు. ఆ జ్ఞాపకం మీదే రోజులు నెట్టుకొచ్చింది.

ఇందులో ఓదార్పు ఉంది, ప్రమాదమూ ఉంది. ఇంట్లో ఎవరికీ అనుమానం రానంత మామూలుగా ఇన్నాళ్ళు తిరిగిందంటే, గుడ్డితనం కుక్కకు మనం ఊహించుకున్నంత పెద్ద కష్టం కాదన్నమాట. మరోవైపు, ఆ చూపును తినేసిన జబ్బు కూడా ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడకుండా లోపల తన పని తాను చేసుకుపోయిందన్నమాట. ఇంటిల్లిపాదీ మొదటిదాన్ని తలుచుకుని ఏడుస్తారు. డాక్టరు టెన్షన్ పడేది రెండోదాని గురించి.

చూపు ఎంత మిగిలిందో ఇంట్లోనే కొంతవరకు తేల్చుకోవచ్చు. చిన్న దూది ఉండను కుక్క ముఖానికి కాస్త దూరంలో పై నుంచి జారవిడిస్తే చాలు. దూది పడేటప్పుడు చప్పుడు రాదు, చెప్పుకోదగ్గ వాసనా ఉండదు. చూపున్న కుక్క కళ్ళు దాని వెంట కిందికి కదులుతాయి. ముఖం ముందు చెయ్యి ఆడించి చూడటం చాలామంది చేసే పనే గాని, చేతి గాలి తగిలితే చూపులేని కుక్క కూడా రెప్ప వేస్తుంది. ఇంకో పద్ధతి, దారిలో రెండు కుర్చీలూ ఒక బకెట్టూ అడ్డంగా పెట్టి ఒకసారి పగటి వెలుతురులో, ఒకసారి లైట్లు తగ్గించి నడిపించడం. పగలు తప్పించుకు వెళ్ళి మసక చీకట్లో గుద్దుకుంటే అది రేచీకటి. కంటి వెనక వెలుతురును పట్టే పొర, అంటే రెటీనా, నెమ్మదిగా క్షీణించిపోయే వంశపారంపర్య జబ్బు, డాక్టర్లు పీఆర్ఏ అనేది, ఇలాగే మొదలవుతుంది. చీకట్లో పనిచేసే కణాలు ముందు చచ్చిపోవడమే అందుకు కారణం. లాబ్రడార్లలో, కాకర్ స్పానియళ్ళలో, పూడుల్ జాతుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. దీనికి నొప్పి లేదు, మందూ లేదు. రాత్రిపూట మెట్లు దిగడానికి మొరాయించే కుక్కను "ముసలిదైపోయింది, బద్ధకం" అని తేల్చేసే ముందు ఈ పరీక్ష చేసి చూడాలి.

నీలి పొర

ఏడెనిమిదేళ్ళు దాటిన కుక్కల కళ్ళలో పొగమంచు లాంటి నీలి బూడిద రంగు పొర కనిపించడం చాలా మామూలు. వయసుతోపాటు కంటి లెన్స్ మధ్యభాగం గట్టిపడి, వెలుతురును చెదరగొట్టడం వల్ల అలా కనిపిస్తుంది. మనుషులకు నలభై దాటాక దగ్గరి అక్షరాలు ఆనకపోవడం వెనక ఉన్నదీ ఇలాంటి మార్పే. దీనివల్ల కుక్క చూపు పెద్దగా తగ్గదు, వైద్యమూ అక్కర్లేదు. అసలు శుక్లం వేరు. అది తెల్లగా, ముక్కలైన మంచుగడ్డలా ఉంటుంది, వెలుతురును అడ్డుకుంటుంది. మూడోది కంటి ముందు అద్దం, అంటే కార్నియా, తెల్లబడటం. పెద్దవాళ్ళు "కంట్లో పువ్వు వేసింది" అనేది దీన్నే. గోరు గీసుకోవడం, పుండు పడటం, కన్నీరు ఎండిపోవడం దీని కారణాల్లో ముఖ్యమైనవి.

ఈ మూడింటినీ బయటి నుంచి చూసి విడదీయడం మామూలు మనిషికి కష్టం. జగదాంబ దగ్గరో డాబాగార్డెన్స్‌లోనో మెడికల్ షాపుకెళ్ళి "కుక్కకి కన్ను మసకగా ఉంది, చుక్కల మందేదైనా ఇవ్వండి" అంటే చేతికొచ్చే సీసాలో చాలాసార్లు యాంటీబయాటిక్‌తోపాటు స్టీరాయిడ్ కూడా ఉంటుంది. కార్నియా మీద పుండున్న కంట్లో స్టీరాయిడ్ చుక్కలు వేస్తే పుండు మానకపోగా లోతుకు దిగి, కన్ను చిల్లు పడే దాకా పోవచ్చు. డాక్టరు చేసే పని చిన్నదే. ఫ్లోరెసిన్ అనే రంగు చుక్క వేసి నీలి లైటు కింద చూస్తే పుండున్న చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ ఒక్క చుక్క వేయకుండా స్టీరాయిడ్ సీసా మూత తియ్యకూడదు. శుక్లాన్ని కరిగిస్తామని ఆన్‌లైన్‌లో అమ్మే చుక్కలది ఇంకో రకం బాధ. అవి పనిచేస్తాయనడానికి గట్టి రుజువు లేదు, వాటితో గడిపే నెలల్లో ఆపరేషన్‌కు అనువైన సమయం దాటిపోతుంది.

పగ్‌ల గురించి ఒక మాట. 2003లో ఒక మొబైల్ కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట తిరిగిన పగ్ దేశమంతా ఆ జాతికి గిరాకీ తెచ్చిపెట్టింది. చూడముచ్చటగా ఉండే ఆ ఉబ్బిన కళ్ళే దానికి శాపం. రెప్పలు పూర్తిగా మూసుకోవు, కన్నీరు తక్కువ, ముఖం ముడతల్లోని వెంట్రుకలు కార్నియాకు రాసుకుంటాయి. ఏళ్ళ తరబడి ఈ రాపిడికి కార్నియా మీద నల్లని పొర పాకుతూ వచ్చి చివరికి కంటిపాపను కప్పేస్తుంది. కన్నీరు ఎంత ఊరుతోందో కొలిచే కాగితపు పట్టీ పరీక్ష నిమిషంలో అయిపోతుంది. తక్కువగా ఉందని ముందే తెలిస్తే సైక్లోస్పోరిన్ లాంటి మందులతో ఆ పొరను చాలావరకు ఆపొచ్చు. రోజూ పొద్దున పుసులు తుడిచేటప్పుడు అవి జిగటగా, తీగలు సాగుతూ, పసుపుపచ్చగా ఉంటే ఆ పరీక్ష అడగాలి.

ఎర్ర కన్ను

మసక కన్ను రెండు రోజులు ఆగొచ్చేమో గాని, ఎర్ర కన్ను ఆగదు. ఒక కన్ను ఎర్రబడి, కార్నియా నీలంగా మబ్బు పట్టి, కంటిపాప పెద్దదై, కుక్క ఆ వైపు తల తాకనివ్వకపోతే ముందుగా అనుమానించాల్సింది నీటికాసుల్ని, అంటే గ్లకోమాని. కుక్క కంట్లో మామూలు ఒత్తిడి 10 నుంచి 25 మి.మీ. మెర్క్యురీ మధ్య ఉంటుంది. అది 40, 50 దాటి నిలిచిపోతే కంటి నరం ఒకటి నుంచి మూడు రోజుల్లోనే కోలుకోలేనంత దెబ్బతింటుంది. శనివారం సాయంత్రం ఎర్రబడిన కన్నును "సోమవారం చూపిద్దాంలే" అనుకున్న ఇళ్ళలో సోమవారానికి చూపు మిగలదు. ఒక కంటికి ఈ జబ్బు సొంతంగా, వేరే కారణం లేకుండా వస్తే రెండో కంటికీ వచ్చే ముప్పు బాగా ఎక్కువ. బాగున్న కంట్లో కూడా ముందుజాగ్రత్త చుక్కలు వేస్తూ ఉంటే ఆ ముప్పును చాలా నెలలు వెనక్కి నెట్టవచ్చు. "బాగున్న కంటికి మందెందుకు" అని ఇంటివాళ్ళు మానేసేది సరిగ్గా దీన్నే.

నొప్పి సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. కంటి ఒత్తిడి పెరిగిన మనుషులు దాన్ని తల పగిలిపోయేంత నొప్పి అంటారు. కుక్క అరవదు. ఎక్కువసేపు పడుకుంటుంది, బంతి వైపు పోదు, పిల్లలు తల నిమిరితే పక్కకు జరుగుతుంది, అన్నం సగం వదిలేస్తుంది. ఇవన్నీ ఇంటివాళ్ళ కళ్ళకు "చూపు పోయిందని దిగులు పెట్టుకుంది" అన్నట్టు కనిపిస్తాయి. దిగులు అనుకుని దగ్గర కూర్చుని ఓదారుస్తారు, నొప్పి మందు అడగరు. ఇంకో ఘోరం, ఇంట్లో మనుషుల కోసం ఉంచిన ఐబుప్రోఫెన్ ముక్క పెరుగన్నంలో కలిపి పెట్టడం. అది కుక్క పొట్టలో పుళ్ళు పుట్టించి కిడ్నీలను దెబ్బతీస్తుంది.

షుగర్

ఉన్నట్టుండి రెండు కళ్ళూ తెల్లబడ్డ నడివయసు కుక్కను చూసిన డాక్టరు మొదట అడిగేది కంటి గురించి కాదు, "నీళ్ళెక్కువ తాగుతోందా?" అని. కుక్కలకూ మధుమేహం వస్తుంది. దాదాపు అన్నిటికీ ఇన్సులిన్ తప్పదు, మాత్రలతో గడవదు. రక్తంలో పెరిగిన గ్లూకోజ్ కంటి లెన్స్‌లోకి చేరి సార్బిటాల్ అనే చక్కెరగా మారుతుంది. అది బయటికి పోలేక నీటిని లోపలికి లాగుతుంది, లెన్స్ ఉబ్బి పోగులు చెదిరి తెల్లబడుతుంది. కొన్నిసార్లు ఇది రోజుల్లోనే జరిగిపోతుంది. షుగర్ బయటపడ్డ కుక్కల్లో సుమారు నాలుగింట మూడు వంతులకు ఏడాది తిరిగేలోపే శుక్లాలు వస్తాయి. మనుషుల షుగర్‌కీ కుక్కల షుగర్‌కీ ఉన్న పెద్ద తేడా ఇదే. అందుకే ఇంట్లో తాతగారు పాతికేళ్ళుగా షుగర్‌తో పేపరు చదువుతున్నా, కుక్కకు ఆరు నెలల్లో చూపు పోవడం చూసి ఇంటివాళ్ళు తెల్లబోతారు.

విశాఖలో ఈ జబ్బు ఆలస్యంగా బయటపడటానికి వాతావరణమూ ఒక కారణం. మే నెల ఉక్కపోతలో కుక్క గిన్నెలకు గిన్నెలు తాగితే ఎవరూ ఆశ్చర్యపోరు, "ఎండలకి" అనుకుంటారు. ఒక లెక్క గుర్తుంచుకోవచ్చు. ఒంటి బరువులో కిలోకు 100 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ నీళ్ళు రోజూ తాగుతుంటే అది జబ్బు గుర్తే. 30 కిలోల లాబ్రడార్‌కు అది మూడు లీటర్లు. పొద్దున కొలిచి పోసి, రాత్రి మిగిలింది కొలిస్తే తెలిసిపోతుంది. బాగా తింటూ చిక్కిపోవడం, రాత్రి ఇంట్లోనే మూత్రం పోసేయడం తోడైతే ఇక ఆగనక్కర్లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో ఎద తర్వాత వచ్చే హార్మోన్ ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు. షుగర్ ఉన్న ఆడకుక్కకు ఆ ఆపరేషన్ వైద్యంలో భాగమే.

ఇన్సులిన్ పన్నెండు గంటలకోసారి, తిండితోపాటు. చెప్పడానికి తేలిక. మన దగ్గర ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది, మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. దేనికి తగ్గ సిరంజి దానికే వాడాలి. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 బలం ఉన్న ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో తీస్తే గీత అదే అయినా లోపలికి వెళ్ళే మందు రెండున్నర రెట్లు. తాతగారి ఇన్సులిన్, కుక్క ఇన్సులిన్ ఒకే ఫ్రిజ్ తలుపులో పక్కపక్కన ఉండే ఇళ్ళలో ఈ పొరపాటు ఊహించుకోవడం కష్టమేమీ కాదు. వేర్వేరు డబ్బాల్లో, పేర్లు రాసి పెట్టుకోవాలి. ఇంజెక్షన్ ఇచ్చారా లేదా అని అనుమానం వస్తే మళ్ళీ ఇవ్వకూడదు. ఒక పూట షుగర్ పెరిగితే పెద్ద నష్టం లేదు, పడిపోతే ప్రాణం మీదికొస్తుంది. తూలడం, వణకడం, పిలిస్తే పలకకపోవడం కనిపిస్తే చిగుళ్ళకు తేనెగానీ గ్లూకోజ్ గానీ రుద్ది డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. కుక్క తిననిపూట ఎంత ఇవ్వాలో ముందే అడిగి కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ మీద అతికించుకోవడం మేలు. మాడుగుల హల్వా ముక్క "ఒక్కటే కదా" అని పెట్టే అమ్మమ్మలకు ఆ కాగితం వల్ల ఉపయోగం ఉంటుందని హామీ ఇవ్వలేం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరంలో చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్సులిన్ మీద నడిచే ఇంట్లో అలాంటి రోజుకు ముందే ఒక ఏర్పాటు ఉండాలి. తడి మట్టికుండలో చిన్న డబ్బా పెట్టి, అందులో సీసా ఉంచి నీడన పెడితే ఫ్రిజ్ అంత చల్లదనం రాకపోయినా మందు ఎండవేడికి పాడవకుండా చాలావరకు ఆగుతుంది. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఇన్సులిన్ మాత్రం కరిగాక కూడా పనికిరాదు.

పన్నెండు గంటల గడియారం గురించి డాక్టర్ల చీటీల్లో రాయని విషయం ఒకటుంది. పొద్దున ఏడుకు, రాత్రి ఏడుకు ఇంట్లో ఒకరు ఉండి తీరాలంటే శ్రీకాకుళంలో పెళ్ళికి అందరూ కలిసి వెళ్ళడం కుదరదు. ఆ ఒకరు ఎవరన్నది ఎక్కువ ఇళ్ళలో అడగకుండానే తేలిపోతుంది, ఇంటి ఇల్లాలు. ఇంజెక్షన్ వేయడం కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలని మొదటి వారంలోనే పట్టుబట్టాలి. సూది చాలా సన్నది, మెడ వెనక వదులు చర్మం కింద వేస్తారు, తింటున్న కుక్క చాలాసార్లు తల కూడా తిప్పదు. భయమల్లా వేసేవాళ్ళకే.

పిడుదులు, బీపీ

సముద్రపు తేమ ఉన్న ఊళ్ళో పిడుదులకు, కొన్ని ఇళ్ళలో గోమార్లు అంటారు, పండగే. కుక్క మీద కనిపించే పిడుదు మొత్తం సమస్యలో కొసరు మాత్రమే. తాగినంత రక్తం తాగి గోడ పగుళ్ళలో, మంచం సందుల్లో దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. అది మోసుకొచ్చే ఎర్లీషియా అనే సూక్ష్మజీవి రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. జ్వరం, తిండి మానేయడం, ముక్కు నుంచి రక్తం చాలామందికి తెలిసిన గుర్తులు. కంట్లోనూ రక్తం చేరవచ్చు, కన్ను లోపల వాచవచ్చు, రెటీనా ఊడిపోవచ్చు. ఎర్ర కన్నుతో వచ్చిన కుక్కకు రక్తపరీక్ష రాస్తే "కంటికీ రక్తానికీ ఏం సంబంధం" అని విసుక్కోకూడదు. మందు డాక్సీసైక్లిన్, సాధారణంగా 28 రోజులు. నాలుగో రోజుకే కుక్క లేచి తింటుంది, ఆరో రోజుకు ఇంటివాళ్ళు మందు మర్చిపోతారు, జబ్బు మాత్రం మర్చిపోదు. మాత్ర ఒట్టి గొంతులో వేయకుండా తిండితో ఇవ్వాలి. లేకపోతే అన్నవాహికలో పుండు పడవచ్చు. పిడుదుల కోసం డోసు తెలియకుండా వేయించే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ కూడా ఎక్కువైతే చూపు తీసేస్తుంది. అదృష్టవశాత్తూ అలా పోయింది చాలావరకు కొద్ది రోజుల్లో తిరిగొస్తుంది.

ముసలి కుక్కల్లో కిడ్నీ జబ్బు బీపీని పెంచుతుంది, పెరిగిన బీపీ రెటీనాను ఊడగొడుతుంది. ఇది నిజంగానే రాత్రికి రాత్రి జరిగే గుడ్డితనం. త్వరగా బీపీ మందు పడితే రెటీనా తిరిగి అతుక్కుని కొంత చూపు రావచ్చు. సార్డ్స్ అనేది ఇంకోటి. నడివయసు కుక్కకు రోజుల్లో చూపు మొత్తం పోతుంది, పైకి కన్ను మామూలుగానే ఉంటుంది. దానికి నమ్మదగిన చికిత్స లేదు. నొప్పి లేకపోవడమే దానిలో మేలు.

ఆపరేషన్ ప్రయాణం

మనుషుల కళ్ళకు విశాఖలో లోటు లేదు. వాల్తేరు వైపు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ సంస్థ క్యాంపస్ ఉన్నాయి. కుక్క శుక్లం ఆపరేషన్ కోసం మాత్రం చాలామంది చెన్నై వైపో హైదరాబాద్ వైపో చూస్తారు. చెన్నై వేపేరిలో 1903లో మొదలైన మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది. రైల్లో కుక్కను తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో కూపేగానీ క్యాబిన్ గానీ మొత్తం బుక్ చేసుకోవాలి, లేదంటే బ్రేక్ వ్యాన్‌లోని డాగ్ బాక్స్. చూపులేని కుక్కను ఆ ఇనుప చప్పుళ్ళ మధ్య ఒంటరిగా 800 కిలోమీటర్లు పంపడం కంటే, మధ్యలో ఆగుతూ కారులో వెళ్ళడం నయం.

వెళ్ళేముందు తేలాల్సినవి ఉన్నాయి. ఆపరేషన్ అంటే శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో పొడి చేసి లాగేసి లెన్స్ పెట్టడం, మనుషులకు చేసినట్టే. కానీ కుక్కకు పూర్తి మత్తు కావాలి, కాబట్టి షుగర్ అదుపులో ఉండాలి, గుండె, కిడ్నీలు బాగుండాలి. శుక్లం వెనక రెటీనా బతికి ఉందో లేదో చెప్పే ఈఆర్‌జీ పరీక్ష చెయ్యాలి. రెటీనా చచ్చిపోయిన కంటికి కొత్త లెన్స్ పెట్టడం వృథా. తర్వాత వారాల తరబడి రోజుకు చాలాసార్లు చుక్కలు వెయ్యాలి, మెడకు గరాటు లాంటి కాలర్ ఉంచాలి. ఇవన్నీ కుదిరే ఇంట్లో మంచి సర్జన్ చేతిలో ఎక్కువ కుక్కలకు చూపు తిరిగొస్తుంది. కుదరని ఇంట్లో ఆపరేషన్ చేయించకపోవడం ప్రేమ తక్కువై కాదు. కాకపోతే ముదిరిన శుక్లం కంటి లోపల వాపు, ఆపై నీటికాసులు తెచ్చే వీలుంది. అందుకే ఆపరేషన్ వద్దనుకున్న కంటికీ వాపు తగ్గించే చుక్కలు, అప్పుడప్పుడు ఒత్తిడి కొలిపించడం తప్పవు.

ఇల్లే పటం

తెలుగులో "పసిగట్టడం" అనే మాట వాసనతో కనిపెట్టడం నుంచే వచ్చింది. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలైతే కుక్కకు జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయి. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి 45,000 దాకా వింటుంది. దాని కంటికి మొదటి నుంచీ ఎరుపు, ఆకుపచ్చ సరిగా విడివిడిగా ఆనవు, చూపు పదును కూడా మనకంటే తక్కువే. అది పోగొట్టుకున్నది తన మూడో సాధనం.

ఆ ముక్కుకు మనం చేసే అన్యాయం ఫినాయిల్. రోజూ ఘాటైన ఫినాయిల్‌తో ఇల్లంతా తుడిస్తే కుక్క వాసనలతో గీసుకున్న పటం చెరిగిపోతుంది. ఒట్టి నీళ్ళతోనో, ఘాటు తక్కువ ద్రావకంతోనో తుడిస్తే మేలు. గుమ్మం ముందు సున్నం కలిసిన ముగ్గుపిండి వేస్తే, నేలకు ముక్కు ఆనించి నడిచే చూపులేని కుక్క కళ్ళలోకి అది పోతుంది. బియ్యప్పిండితో ఆ బాధ లేదు. నున్నటి టైల్స్ మీద జారిపోకుండా, కాళ్ళకు గుర్తుగా ఉండేలా తలుపుల దగ్గర, మెట్ల ముందు, నీళ్ళ గిన్నె కింద వేర్వేరు రకాల పట్టలు వేయవచ్చు. కొబ్బరి పీచుది ఒకచోట, గుడ్డది ఒకచోట. కుర్చీలు వాడాక టేబుల్ కిందికి తోసేయడం, చెప్పులు దారిలో వదలకపోవడం పిల్లలకు నేర్పడం కుక్కకు నేర్పడంకంటే కష్టం.

అసలు ప్రమాదాలు ఇంటి బయటున్నాయి. మున్సిపల్ నీళ్ళొచ్చే వేళ మూత తీసి ఉంచిన సంపు. పిట్టగోడ తక్కువున్న డాబా. కంచరపాలెం, ఆరిలోవ కొండవాలు ఇళ్ళలో ఒక పక్క ఆధారం లేని నిటారు మెట్లు. అప్పుడే ఆపిన బండి సైలెన్సర్. మెట్ల దగ్గర చిన్న గ్రిల్ తలుపు పెడితే ఖర్చు కొద్దే.

మాటలు కొన్ని చాలు, ఇంట్లో అందరూ అవే వాడాలి. తెలుగిళ్ళలో ఒక వింత ఉంది, పిల్లల్ని తెలుగులో తిట్టి కుక్కతో ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. చూపులేని కుక్కకు "ఆగు", "ఎక్కు", "దిగు" బ్రహ్మాండంగా పనికొస్తాయి, ఒకదానితో ఒకటి కలవవు. మెట్టు దగ్గర ప్రతిసారీ అదే మాట చెబితే చాలా కుక్కలు వారం పదిరోజుల్లో మాట వినగానే కాలెత్తుతాయి. ముట్టుకునే ముందు పేరు పిలవాలి. నిద్రలో ఉన్నప్పుడు చటుక్కున తాకితే ఎంత సాధువైనా కరవవచ్చు. చూట్టానికి వచ్చిన చుట్టాల పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి, కుక్కకు రేబిస్ టీకా ఎప్పుడూ తప్పకూడదు. చుక్కలు వేసేటప్పుడూ అంతే. పేరు పిలిచి, భుజం తాకి, వెనక నుంచి ముక్కు పైకెత్తి వేయాలి. రెండు రకాల చుక్కల మధ్య కనీసం ఐదు నిమిషాలు ఆగాలి.

నడకకు ఆర్కే బీచ్ మంచిదనిపిస్తుంది గాని, చూపులేని కుక్కకు అది గందరగోళం. అలల హోరు మిగతా చప్పుళ్ళను మింగేస్తుంది, గాలి వాసనల్ని ఎత్తుకుపోతుంది, ఇసుకలో నిన్నటి గుర్తు ఇవాళ ఉండదు. ఎంవీపీ కాలనీ లోపలి వీధిలోనో, ఉక్కునగరం చెట్ల కిందో రోజూ ఒకే దారిన, ఒకే వేళకు నడిస్తే అదే స్తంభం, అదే గేటు, అదే టీ బండి దానికి మైలురాళ్ళవుతాయి. గొలుసు మెడ బెల్టుకు కాకుండా ఛాతీ పట్టీకి తగిలించాలి. మెడ లాగితే కంటి ఒత్తిడి పెరుగుతుంది. వీధికుక్కలతో జాగ్రత్త. తోక, చెవులు చూసి "గొడవొద్దు" అని అర్థం చేసుకునే భాష దానికిప్పుడు చదవడం రాదు. "ఏటి బాబూ, దీనికి కళ్ళు అవుపడవా?" అని అడిగే వాచ్‌మన్‌కు సంగతంతా చెప్పి ఉంచితే తర్వాత ఎప్పుడైనా గేటు దాటి పోయినా పట్టుకొస్తాడు. దీపావళి, నేవీ డే విన్యాసాల వేళ కిటికీలు మూసిన లోపలి గదిలో, ఫ్యాను చప్పుడు మధ్య ఒకరు తోడుండాలి.

కన్ను తీసేయాలన్నప్పుడు

అన్నీ చేశాక కూడా కొన్ని కళ్ళకు చూపు పోయి, ఒత్తిడి మాత్రం దిగదు. అప్పుడు డాక్టరు కన్ను తీసేద్దామంటారు. ఇంటివాళ్ళకు ఆ మాట మింగుడుపడదు. విచిత్రమేమిటంటే, అదే ఇంట్లో "ఇక దీన్ని ఇంజెక్షన్ ఇచ్చి పంపించేద్దామా" అన్న మాట అంతకంటే తేలిగ్గా వస్తుంది. రెండింటి వెనకా ఉన్నది ఒకే పొరపాటు, మన ముఖంలో కన్నుకున్న విలువను కుక్క ముఖంలోనూ చూడటం. కారుణ్య మరణం గురించి ఆలోచించాల్సిన రోజు రావచ్చు. కిడ్నీలు పని మానేసినప్పుడు, తిండీ నీళ్ళూ వదిలేసినప్పుడు, ఏ మందుకీ నొప్పి లొంగనప్పుడు. చూపు లేకపోవడం ఒక్కటే ఆ జాబితాలోకి రాదు.

చూపులేక నొప్పి పెడుతున్న కన్ను తీసేస్తే నొప్పి దానితోనే పోతుంది. రెప్పలు కలిపి కుట్టేస్తారు, కుట్లు పది నుంచి పద్నాలుగు రోజుల్లో విప్పుతారు, వెంట్రుకలు పెరిగాక కన్ను గీటినట్టు ఉంటుంది. నెలల తరబడి మూలన పడుకున్న కుక్క కుట్లు ఆరకముందే బంతి నోట కరుచుకుని తిరగడం చూసి ఇంటివాళ్ళు మొదట సంతోషపడతారు. కాసేపటికి, అన్నాళ్ళూ అది పడుకున్నది దిగులుతో కాదని తెలిసి మౌనంగా ఉండిపోతారు.